సూదుల లెక్క

టీకాల మీద హేతువాద సభల్లో చాలాసార్లు మాట్లాడాను. పిల్లల వార్డులో నర్సుగా చేరిన రెండో నెలలో మాత్రం ఒక తల్లి అడిగిన చిన్న ప్రశ్నకు నోరు పెగల్లేదు.

పాపకు ఎనిమిదేళ్లు. తల్లిదండ్రులు పాలమూరు నుంచి హైదరాబాదుకు కూలిపనికి వచ్చినవాళ్లు. ఏ టీకా వేయించినట్టూ కార్డు లేదు. డాక్టరుగారు ఎం.ఎం.ఆర్., టి.డి., హెపటైటిస్-బి మూడూ ఆ రోజే ఇమ్మన్నారు.

"మూడు సూదులు ఒక్కపారే ఇస్తరా అమ్మా? పోరి తట్టుకుంటదా?" అంది తల్లి.

చంటిపిల్లలకైతే ఏం జరుగుతోందో తెలిసేలోపే అయిపోతుంది. ఎనిమిదేళ్ల పిల్ల ట్రేలో సిరంజిలు లెక్కపెడుతోంది. నాకు చెయ్యి ఆడలేదు. టి.డి. ఒక్కటే ఇచ్చి, "మిగతావి వచ్చే వారం" అన్నాను. వాళ్లు మళ్లీ రాలేదు.

నేను దయ అనుకున్నది నిజానికి మూఢనమ్మకమే. ఆ తల్లి వద్దనలేదు, అడిగింది. ప్రశ్నించమని ఊరూరా చెప్పే మనం, ఎదుటివాళ్లు ప్రశ్నిస్తే కాదన్నట్టు తీసుకుంటాం!

ఆమెకు చెప్పాల్సింది చిన్న లెక్క. శరీరం గుర్తుపట్టేది సూదుల్ని కాదు, వాటిలోని యాంటిజెన్లని. తట్టు టీకాలో 10, గవదబిళ్లలకి 9, రుబెల్లాకి 5, టి.డి.లో 2, హెపటైటిస్-బిలో 1. మూడు సూదులకూ కలిపి 27. అదే మన ప్రభుత్వం చంటిపిల్లలకిచ్చే పెంటావలెంట్‌లో కోరింత దగ్గు భాగం పూర్తి కణాలతో చేసింది. ఆ ఒక్క సూదిలోనే సుమారు 3000. దాన్నే నెలన్నర పిల్లలు తట్టుకుంటున్నారు.

(అన్నట్టు, "ఇప్పటి టీకాలన్నీ కలిపినా పాత మశూచి టీకా కన్నా యాంటిజెన్లు తక్కువే" అని మనవాళ్లు అమెరికా కరపత్రాల నుంచి ఎత్తి రాస్తుంటారు. పూర్తి కణాల టీకా వాడే మన దేశానికి ఆ మాట చెల్లదు. మన పక్షం కదా అని తప్పు లెక్కను వదిలేయకూడదు.)

నొప్పి నిజం. పెద్దపిల్లలు భయంతో కళ్లు తిరిగి పడిపోవడమూ నిజమే. అందుకే కూర్చోబెట్టి ఇచ్చి, తర్వాత 15 నిమిషాలు కదలనివ్వం. కానీ సూదులు విడదీస్తే నొప్పి తగ్గదు. భయం మాత్రం మూడు రోజులకు పెరుగుతుంది, తల్లికి మూడు రోజుల కూలి పోతుంది.

నేను ఆపినది దేన్ని? టీకా లేనివాళ్లు దగ్గరుంటే పదిమందిలో తొమ్మిదిమందికి అంటుకునే జబ్బు తట్టు. ఒక్క డోసు ఎం.ఎం.ఆర్. దాన్నుంచి దాదాపు 93 శాతం రక్షణ ఇస్తుంది. పరిచయమైన మందు కదా అని టి.డి. ఇచ్చి, అసలుదాన్ని ఫ్రిజ్‌లో ఉంచేశాను.

ఇప్పుడు ముందు పిల్లలకే చెబుతాను: మూడున్నాయి, ఏ చేతికి రెండో నువ్వే చెప్పు, అని. ఒకే చేతికి రెండైతే అంగుళం ఎడం. మంట ఎక్కువని ఎం.ఎం.ఆర్. చివర ఇస్తాను. అంతా విన్నాక కూడా తల్లి ఒక్కటే చాలంటే, అప్పుడు మాత్రం అదే మొదటిది.