పాట చెడిపోలేదు... పెట్టె మారిందంతే!

జీడిమెట్లలో ఇల్లు ఖాళీ చేస్తూ అటక సర్దుతున్నారనుకోండి. పాత క్యాసెట్ ఒకటి దొరికింది. పైన బాబాయి చేతిరాత. టేప్‌రికార్డర్‌లో వేస్తే గొంతు నీరసంగా సాగుతోంది. రెండోవైపు తిప్పితే మాటలన్నీ వెనక్కి నడుస్తున్నాయి! ‘పాడైపోయింది’ అని చెత్తబుట్టలో పడేయబోతున్నారా? ఒక్క నిమిషం... అది నాలుగు ట్రాకుల క్యాసెట్ కావచ్చు.

మామూలు స్టీరియో క్యాసెట్ టేపు మీద నాలుగు దారులుంటాయి. ఒక వైపుకి రెండు, రెండో వైపుకి రెండు. ఆ నాలుగింటినీ ఒకే దిశలో, విడివిడిగా వాడుకుంటే? 1979లో జపాన్ కంపెనీ టియాక్ తెచ్చిన ‘పోర్టాస్టూడియో 144’ చేసింది అదే. నాణ్యత కోసం టేపును రెట్టింపు వేగంతో నడిపింది. అందుకే 60 నిమిషాల క్యాసెట్‌లో పట్టేది 15 నిమిషాలే!

ముందు గిటార్ వాయించాలి. టేపు వెనక్కి తిప్పి, హెడ్‌ఫోన్స్‌లో అది వింటూ రెండో ట్రాకులో పాడాలి. మూడోదాంట్లో డోలక్. ఇంకా కావాలంటే మూడింటినీ కలిపి నాలుగోదాంట్లోకి ఎక్కించి, ఖాళీ అయిన మూడింటినీ మళ్లీ వాడుకోవాలి. ఒకసారి అలా చేశాక డోలక్ మోత తగ్గిద్దామన్నా కుదరదు. కలిపిన ప్రతిసారీ టేపు ‘స్స్...’ మనడమూ పెరుగుతుంది. వీధిలో లారీ హారన్, పక్కింటి కుక్కర్ కూత సరేసరి.

అయినా ఇంటి రికార్డింగ్‌ని తక్కువ చేయలేం. 1982 జనవరిలో అమెరికన్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ న్యూజెర్సీలోని ఇంట్లో, పడకగదిలో ఈ మెషీన్ ముందు కూర్చుని పాడుకున్నాడు. బ్యాండుకి వినిపించడానికి నమూనాగా మాత్రమే. తీరా స్టూడియోలో అందరూ కలిసి వాయిస్తే ఆ గుబులు పలకలేదు. చివరికి, జేబులో వేసుకు తిరిగిన ఆ క్యాసెట్టే సెప్టెంబరులో ‘నెబ్రాస్కా’ ఆల్బమ్‌గా విడుదలైంది.

మరి బాబాయి క్యాసెట్ సంగతి? ముందు దాని వెనక అంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కలూ విరిచేయండి. పొరపాటున రికార్డు మీట నొక్కినా పాట చెరిగిపోదు. నాలుగు ట్రాకుల మెషీన్ దొరికితే సరే. లేకపోతే స్టీరియో డెక్‌లో రెండు వైపులా ప్లే చేసి కంప్యూటర్‌లోకి ఎక్కించండి. ఆడాసిటీలాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వేగం రెట్టింపు చేసి, రెండో వైపుది తిరగేసి, రెండింటినీ జత కలపండి. కొన్ని మెషీన్లు మామూలు వేగంతోనే నడిచేవి. గొంతు సరిగ్గానే వినిపిస్తుంటే వేగం జోలికి పోనక్కర్లేదు.

ఇందులో ఇంకో లాభమూ ఉంది. గొంతు వేరే ట్రాకులోనే ఉండిపోయి ఉంటే, మిగతా మూడూ ఆపేయొచ్చు. అప్పుడు డోలక్ లేదు, గిటార్ లేదు. వినిపించేది బాబాయి ఒక్కడే... మధ్యలో ఊపిరి తీసుకోవడంతో సహా!