పగ బాస్ మీద... దెబ్బ నిద్రకి!

రాత్రి పన్నెండున్నర. లైట్ ఆపేశారు. కళ్లు మండుతున్నాయి. అయినా వేలు మాత్రం ఫోన్ మీద కదులుతూనే ఉంది. ‘ఈ ఒక్క రీల్ చూసి పడుకుంటా’ అని గంట క్రితమే అనుకున్నారు కదూ?

ఈ అలవాటుకి ఓ పేరుంది. పగలంతా ఆఫీసు లాగేసుకున్న టైమ్‌ని రాత్రి నిద్ర మానేసి తిరిగి రాబట్టుకోవడాన్ని చైనా కుర్రకారు ‘పగతో మేలుకోవడం’ అన్నారు. 2020లో అదే మాట ‘రివెంజ్ బెడ్‌టైమ్ ప్రొక్రాస్టినేషన్’గా ఇంగ్లిష్‌లోకి వచ్చి వైరల్ అయింది.

వాళ్లకి ఆ కోపం ఊరికే రాలేదు. అక్కడి చాలా టెక్ కంపెనీల్లో ‘996’ పద్ధతి నడిచింది. పొద్దున 9 నుంచి రాత్రి 9 దాకా, వారానికి 6 రోజులు. అంటే 72 గంటలు! అది చట్టవిరుద్ధమని 2021లో చైనా సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది.

దీనికి తోడు ఫోన్. ఎంత జరిపినా పేజీ అయిపోని ‘ఇన్ఫినిట్ స్క్రోల్’ని 2006లో అజా రాస్కిన్ అనే డిజైనర్ తయారుచేశాడు. తర్వాత ఆయనే ‘ఎందుకు చేశానా’ అని బాధపడ్డాడు.

కాబట్టి తప్పంతా మీ బద్ధకానిది కాదు. మీకంటూ కాస్త టైమ్ కావాలి, అంతే. కానీ అర్ధరాత్రి తీసుకున్న ఆ గంటకి అప్పు తీర్చేది రేపు పొద్దున లేవాల్సిన మీరే. అందుకే దాన్ని సాయంత్రానికి జరపండి. ఇంటికి రాగానే ఓ అరగంట... పాటలో, షటిలో, డాబా మీద ఊరికే కూర్చోవడమో. పగ తీరినా తీరకపోయినా, నిద్రైతే మిగులుతుంది!