వార్డెన్ సంతకంతో టీకాలు!

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా అనగానే ఖమ్మం జిల్లాలో 2009 నాటి ఉదంతం గుర్తుకు రాకమానదు. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల బాలికలు సుమారు 14 వేల మందికి ‘పాత్’ అనే విదేశీ సంస్థ ఆధ్వర్యాన ఆ ఏడాది ప్రయోగాత్మకంగా టీకాలు వేశారు. వారిలో కొందరు మరణించడంతో అలజడి రేగింది. 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం నిలిచిపోయింది.

ఆ మరణాలకు టీకాతో సంబంధం కనబడలేదని విచారణ సంఘం పేర్కొన్నది. అసలు లోపం మరోచోట బయటపడింది. అప్పటి ఉమ్మడి రాష్ట్రంలోని 9,543 అంగీకార పత్రాల్లో 2,763 పత్రాలపై హాస్టల్ వార్డెన్లే సంతకాలు చేశారని 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం వెల్లడించింది. మరో 1,948 పత్రాలపై ఉన్నవి వేలిముద్రలే. కన్నవారిని అడగవలసిన మాటను వార్డెన్‌తో సరిపెట్టారన్నమాట!

టీకా మంచిదే. హెచ్.పి.వి. అనే ఈ వైరస్ లైంగిక సంబంధాల వల్ల సోకుతుంది. చాలామందిలో రెండేళ్లలోపు దానంతటదే పోతుంది. పోకుండా తిష్ఠ వేస్తే ఏళ్ల తరబడి ముదిరి క్యాన్సర్‌కు దారి తీయవచ్చు. ఈ క్యాన్సర్లలో సుమారు 70 శాతానికి 16, 18 రకాల వైరస్‌లే కారణం. సోకిన వైరస్‌ను టీకా పోగొట్టలేదు గనుక 9 నుంచి 14 ఏళ్ల మధ్యనే వేయించడం మేలు. ఒక్క డోసు కూడా రక్షణ ఇస్తుందని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. అయితే టీకా పడినా, 30 దాటాక పరీక్ష తప్పదు.

ఈ సంగతులు ఏజెన్సీ గూడేలలో కోయ భాషలో, తల్లి ఎదుట చెప్పవలసి ఉన్నది. హాస్టల్‌కు బిడ్డను చూడవచ్చిన నాడు ఆమెనే కూర్చోబెట్టి అడగడానికి అరగంట చాలు.