నాయనకు చెప్పొద్దక్కా

పోయిన నెల మారికుప్పం పక్క లైన్లలో ఒక ఇంటికి పోయినాను. వాకిట్లోనే పెద్ద కూతురు ఎదురొచ్చి, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, "అక్కా, నాయన దగ్గర ఏమీ అనొద్దు. ఆస్తమా అని చెప్పి పెట్టినాము. ఆయనకు తెలీదు" అనింది. లోపల ఆయన మంచం మీద కూచోనున్నాడు. పడుకుంటే ఊపిరాడదు. అందుకని ఒళ్ళో రెండు దిండ్లు పెట్టుకొని వాటి మీదికి వాలినాడు. రాయి నలగ్గొట్టే మిల్లులో ముప్పై ఏండ్లు పనిచేసిన మనిషి. నేను కూచోగానే ఆయన అడిగిన మొదటి మాట: "ఏమ్మా, మా మిల్లువాళ్ళలో ఇంకెంతమంది మిగిలినారు?"

ఆయనకు తెలీదంట!

మన ఊళ్ళో ఈ జబ్బు ఎవరికి తెలీదు చెప్పండి. గనిలోంచి పైకొచ్చిన రాయిని మిల్లులో పిండి చేసేటప్పుడు లేచే సన్నని దుమ్ము ఊపిరితిత్తుల అడుగుకు పోయి అక్కడే ఉండిపోతుంది. దాని చుట్టూ గాయం మానిన మచ్చ మాదిరి గట్టిపడుతుంది. అదే సిలికోసిస్. మన దేశంలో ఈ జబ్బు సంగతి మొదట వైద్య పత్రికలకు ఎక్కింది కోలారు బంగారు గనుల నుంచే, 1947లో. అప్పుడు ఏడువేలమందికి పైగా కార్మికులను పరీక్షిస్తే నూటికి నలభైమందికి పైగా దీని గుర్తులు కనిపించినాయి. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినాయి గానీ, లోపలికి పోయిన దుమ్ము మూతపడలేదు. పని మానేసినాక కూడా కొందరిలో ఇది పెరుగుతూనే ఉంటుంది. తిరిగి బాగుచేసే మందు లేదు. ఆయాసాన్ని తగ్గించొచ్చు, దగ్గుకు చూడొచ్చు, టీబీ పట్టకుండా కాపాడుకోవచ్చు.

అట్లాంటప్పుడు "ఇంక మేము చేసేదేమీ లేదు" అని ఆస్పత్రిలో ఎవరో ఒక మాట అంటారు. ఆ మాట విన్న ఇల్లు ఆ దినం నుంచి రెండుగా చీలుతుంది. తెలిసినవాళ్ళు వంటింట్లో గుసగుసలు పోతారు, తెలియనట్టుండేవాళ్ళు మంచం మీద ఉంటారు. ఈ నెల రాయాలనుకున్నది ఆ చీలిక గురించే.

లండన్‌లో సిసిలీ సాండర్స్ అని ఒకావిడ ఉండేది. మొదట నర్సు, తర్వాత ఆస్పత్రిలో సమాజసేవిక, ఆ తర్వాత చదివి డాక్టరు. 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ అనే ఆశ్రయం తెరిచింది. నొప్పి ఒంట్లోనే ఉండదు, మనసులో ఉంటుంది, ఇంటి అప్పుల్లో ఉంటుంది, దేవుడి మీద కోపంలోనూ ఉంటుంది, అన్నీ కలిపి చూడకపోతే మాత్ర పనిచేయదు అని ఆమె చెప్పింది. మన దగ్గర ఈ పని బాగా పట్టుకున్నది కేరళ. 1993లో కోళికోడ్ మెడికల్ కాలేజీలో డాక్టర్ రాజగోపాల్, డాక్టర్ సురేష్ కుమార్ వాళ్ళు మొదలుపెట్టినారు. తర్వాత వీధుల్లోని మామూలు మనుషులే నేర్చుకొని ఇండ్లకు పోయి రోగి పక్కన కూచోవడం సాగింది. వాళ్ళలో డాక్టర్లు కొద్దిమందే. మన లైన్లలో ఇది కుదరదా? ఒక గోడకు అటూ ఇటూ బతికినవాళ్ళం, పక్కింటి దగ్గు విని టైము చెప్పగలిగినవాళ్ళం!

సరే, చెప్పాలా వద్దా. నేను అందరికీ అన్నీ చెప్పేయమనడంలేదు. కొందరు నిజంగానే వినదలచుకోరు, అది వాళ్ళ ఇష్టం. కానీ ముందు అడగండి. "నాయనా, నీ ఒంట్లో ఏమైతోందని నువ్వనుకుంటావు?" అని అడిగి ఊరుకోండి. ఆయన ఎంత చెబితే అంతవరకే పోండి. "నేను ఇంక లేవనా?" అని అడిగితే వెంటనే "ఛ, అట్లనొద్దు, రేపటికి తగ్గిపోతుంది" అనకండి. ఆ మాటతో తలుపు మూసినట్టైతుంది, మళ్ళీ అడగడు. "ఎందుకట్లా అనిపిస్తోంది? దేనికి భయంగా ఉంది?" అనండి. చాలాసార్లు భయం చావుకు కాదు. రాత్రిపూట ఊపిరాడక ఒక్కడే గింజుకోవాల్సొస్తుందేమోనని.

ఆ భయం ఒకటి బాగా అర్థం చేసుకోవాలి. ఆయాసం వస్తే భయం, భయపడితే ఆయాసం ఇంకా ఎక్కువ. అప్పుడు ఇల్లంతా చుట్టూ మూగి కేకలేస్తే ఇంకా పాడు. ఒక్కరే పక్కన కూచోండి. కిటికీ తెరవండి, టేబుల్ ఫ్యాను ముఖానికి తగిలేటట్టు పెట్టండి. ముందుకు వాలి చేతులు దిండు మీద ఆనించమనండి. ముక్కుతో పీల్చి, పెదాలు సన్నగా చేసి దీపం ఆర్పకుండా ఊదినట్టు నిదానంగా వదలమనండి. మీరు కూడా అట్లే ఊదుతూ చేయి భుజం మీద పెట్టండి. అప్పటికీ తట్టుకోలేకపోతే డాక్టరును అడగండి. తక్కువ మోతాదులో మార్ఫిన్ ఇచ్చి ఆయాసం తగ్గించే పద్ధతి ఉంది. మార్ఫిన్ అనగానే మత్తుమందని జనం జడుసుకుంటారు. 1985 నాటి చట్టం వల్ల అది దొరకడమే కష్టమైపోయింది, 2014లో ఆ చట్టాన్ని సవరించి దారి కొంచెం సులువు చేసినారు. డాక్టరు చేతిమీద వాడితే అది మందే.

టీబీ గురించి రెండు మాటలు. సిలికోసిస్ ఉన్నవాళ్ళకు టీబీ సులువుగా పడుతుంది. పడిందంటే తట్ట వేరు, లోటా వేరు, మనవళ్ళు దగ్గరికి రాకూడదు. మందు సరిగ్గా వేసుకుంటే రెండు మూడు వారాల్లో మామూలు టీబీ అంటించే గుణం చాలా తగ్గిపోతుంది. తట్ట మాత్రం ఆరు నెలలు వేరుగానే ఉంటుంది, కొన్ని ఇండ్లలో శాశ్వతంగా. ఒక పిల్లోడు నాతో అన్నాడు, "తాతకు నా మీద కోపం, దగ్గరికి రావొద్దంటాడు" అని. పిల్లలకు వాళ్ళ వయసుకు తగ్గట్టు నిజం చెప్పాల. లేకుంటే వాళ్ళే ఒక కథ కట్టుకుంటారు, ఆ కథలో తప్పు వాళ్ళదే అయ్యుంటుంది. టీబీ మందు తింటున్నవాళ్ళకు నిక్షయ్ పోషణ కింద నెలకు 1000 రూపాయలు ఖాతాలో పడుతుంది. ఇది 2018లో 500తో మొదలై, 2024 నవంబరు నుంచి 1000 అయింది. పడకపోతే అడగండి, సిగ్గెందుకు.

ఇంక ఇల్లాళ్ళు. ఆ మంచం పక్కనే నేల మీద పడుకునే అమ్మ ఆరేండ్లుగా ఒక పెండ్లికి పోలేదు. ఆమెకు బీపీ ఉందని ఎవరికీ తెలీదు, ఆమెకూ తెలీదు. చుట్టాలొచ్చి "ఏమన్నా కావాలంటే చెప్పు వదినా" అని పోతారు. ఎవరు నోరు తెరిచి అడుగుతారు? అట్లా కాకుండా, "గురువారం రేషన్ నేను తెస్తా", "ఆదివారం సాయంత్రం రెండు గంటలు నేను కూచుంటా, నువ్వు గుడికి పోయిరా" అనండి. ఆమెకు ఒక్కోసారి "దేవుడా, తొందరగా తీసుకుపో" అనిపిస్తుంది. తర్వాత తనను తానే తిట్టుకుంటుంది. అది పాపం కాదు తల్లీ, అలుపు. మనసు మరీ బరువైతే 14416కు ఫోన్ చేయండి. టెలి మానస్ అంటారు. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం పెట్టింది, పగలూ రాత్రీ ఉంటుంది, డబ్బు పడదు, తెలుగులో మాట్లాడొచ్చు.

క్యాన్సరైతే మనవాళ్ళు ఎక్కువగా పోయేది బెంగుళూరు కిద్వాయికే. పొద్దున మారికుప్పం రైల్లో ఆ డ్యూటీకి పోయే గుంపులో నిలబడి రోగిని తీసుకుపోవడం ఎంత నరకమో చూసినవాళ్ళకు తెలుసు. క్యాన్సర్, టీబీ రోగులకూ తోడుపోయే ఒకరికీ రైలు టికెట్టులో రాయితీ ఉంది, ఆస్పత్రిలో ఫారం మీద సంతకం పెట్టించుకోవాల. వైద్యం ముగిసిపోయిన క్యాన్సర్ రోగుల కోసం బెంగుళూరు మారతహళ్ళి దగ్గర కరుణాశ్రయ ఉంది. అక్కడ ఖర్చు లేదు. "అక్కడ చేరిస్తే ఊళ్ళో ఏమనుకుంటారో" అని వెనకాడినవాళ్ళను చూసినాను. ఊరు రాత్రిపూట వచ్చి పుండు కడగదు.

మొదట చెప్పిన ఇంటికి మళ్ళీ పోయినాను. ఈ లోపల ఆ కూతురు ధైర్యం చేసి అడిగిందంట, "నాయనా, నీకేమనిపిస్తోంది" అని. ఆయన నవ్వినాడంట. "నాకు తెలుసులే అమ్మీ. మీకు చెబితే ఏడుస్తారని గమ్మునుండా" అన్నాడంట. ఇన్నాళ్ళూ ఆయన వాళ్ళకు చెప్పకుండా దాచినాడు, వాళ్ళు ఆయనకు చెప్పకుండా దాచినారు. ఆ రాత్రి మంచం కింది రేకుపెట్టె తీయించినాడు. పీఎఫ్ కాగితాలు, ఇంటి రసీదులు, మిల్లు టోకెను. ఆండర్సన్‌పేటలో ఒక పాత దోస్తుకు 1200 రూపాయల చీటీ బాకీ ఉందంట, పద్నాలుగేండ్లుగా మనసులో పెట్టుకున్నాడు. పోయిన ఆదివారం కొడుకు పోయి ఇచ్చొచ్చినాడు. ఆ దోస్తు డబ్బు తీసుకోకుండా, తనే కట్టె ఊతంగా ఆటో ఎక్కి వచ్చినాడు. నేను పోయేసరికి ఇద్దరు ముసలోళ్ళూ ఫ్యానుకు ఎదురుగా కూచోని, మాట్లాడే ఊపిరి లేక, ఊరికే ఒకరినొకరు చూసుకుంటా ఉన్నారు. టోకెను మనవడి చేతిలో ఉంది, దాని మీది నంబరు గట్టిగా చదువుతా ఉన్నాడు.