మూత మూస్తే మాట ఆగేది

1996 జనవరిలో మోటరోలా కంపెనీ అమెరికాలో స్టార్‌టాక్ అనే ఫోన్‌ను విడుదల చేసింది. బరువు 88 గ్రాములు, ధర దాదాపు వెయ్యి డాలర్లు. సగానికి మడిచే మొబైల్ ఫోన్లలో మొదటిదని దానికి పేరు. కెమెరా లేదు, పాటలు లేవు. పైకి లాగే ఏంటెనా, అంకెల బటన్లు, మోగకుండా వణికే సదుపాయం, అంతే. ఈ మాత్రానికి వెయ్యి డాలర్లా అని ఇప్పటి పిల్లలు నవ్వుతారు. కొన్నవాళ్లు డబ్బు పోసింది మడతకు.

ఆ మడత సోకు కోసం పుట్టలేదు. ఫోన్ చెవి దగ్గర మొదలై నోటి దాకా రావాలి. 1983లో అదే కంపెనీ తెచ్చిన డైనాటాక్ ముప్పాతిక కిలో పైమాటే. 1989 నాటి మైక్రోటాక్‌లో బటన్ల మీది రేకు మాత్రం కిందికి తెరుచుకునేది. స్టార్‌టాక్ ఒళ్లంతా మడుచుకుంది. తెరిస్తే నోటికి అందుతుంది, మూస్తే చొక్కా జేబులో పడుతుంది.

ఆ తర్వాత వచ్చిన మడత ఫోన్లలో చాలావాటికి ఒక సగంలో చిన్న అయస్కాంతం, రెండో సగంలో దాన్ని పసిగట్టే స్విచ్ ఉండేవి. రెండూ దగ్గరపడితే చాలు, కాల్ తెగుతుంది, బటన్లు పనిచేయడం మానేస్తాయి. లాకు వేయడం గుర్తుపెట్టుకోనక్కర్లేదు. జేబులోని తాళంచెవులు తెరను గీకవు. ఒక్క కీలు ఇన్ని పనులు చేసేది.

చిక్కులూ ఉన్నాయి. తొలిరోజుల ఫోన్లలో చాలావాటికి బయటివైపు తెర లేదు. ఎవరో చూద్దామని మూత తీస్తే, సెట్టింగు మార్చుకోనివాళ్లకు కాల్ ఎత్తేసినట్టే లెక్క. మన దేశంలో 2003 దాకా వచ్చిన కాల్‌కీ మనమే కట్టుకున్నాం కాబట్టి ఆ కుతూహలానికి బిల్లు కూడా పడేది! ఇక కీలు గుండా వెళ్లే సన్నటి ఫ్లెక్స్ కేబుల్, వేలసార్లు వంగి వంగి చివరికి తెగేది. రిపేరు షాపులకు అదో బేరం.

2004లో మోటరోలా నుంచే రేజర్ వచ్చింది. మందం 14 మిల్లీమీటర్ల లోపే. పదమూడు కోట్లకు పైగా అమ్ముడైంది. అందంగానే ఉంది, కాదనను. కానీ నా లెక్కలో మడత సోకుగా మారింది అక్కడే. 2020లో లక్షా పదివేలకు మన దేశానికి వచ్చిన శాంసంగ్ గెలాక్సీ జెడ్ ఫ్లిప్‌ది ఇంకో దారి. అది మడిచేది పెద్ద తెరను జేబులో పట్టించడానికి. దాన్ని స్టార్‌టాక్‌కు వారసుడంటే నేనొప్పుకోను.

అసలు వారసులు జపాన్‌లో ఉన్నారు. అక్కడి మొబైల్ కంపెనీ డొకొమో వాళ్ల రాకురాకు మడత ఫోన్లు వయసు మళ్లినవాళ్ల కోసం చేసినవి. వాటిలో ముగ్గురు దగ్గరివాళ్ల నంబర్లకు మూడు ప్రత్యేక బటన్లు. మూత మూసిన పెద్దావిడకు కాల్ ముగిసిందా లేదా అన్న అనుమానమే ఉండదు. మన ఇళ్లలో ఫోన్ పెట్టేశాననుకుని కోడలి గురించి కోడలికే వినిపించిన అత్తగార్లు ఎంతమందో! గాజుతెర మీద ఎర్రచుక్క ఎక్కడుందో వాళ్లనెందుకు వెతుక్కోమంటాం? 2022లో మన దగ్గరా నోకియా 2660 ఫ్లిప్ 4,699 రూపాయలకు వచ్చింది. పెద్ద బటన్లు, ఆపదలో నొక్కడానికి విడిగా ఒకటి. మనవడు వాడేసిన టచ్ ఫోన్‌ను అమ్మమ్మకు అంటగట్టే ఇళ్లవాళ్లు ముందు ఇలాంటివి చూస్తే బాగుంటుంది.