ఆరునెలల తొందర

బి.కాం. చదువుచున్న కుమారుని, కుమార్తెను అయిదు సెమిస్టర్లతోనే గట్టెక్కించి బ్యాంకులలోనో ఫైనాన్సు కంపెనీలలోనో ప్రవేశపెట్టవచ్చునా యని కాప్రా, సైనిక్‌పురి ప్రాంతములందలి తల్లిదండ్రులు ఆలోచించుచున్నారు. 2024 నవంబరులో విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘమువారు ప్రకటించిన పద్ధతియే దీనికి మూలము. నూటికి పదిమందికి మించకుండ, సమర్థులైన విద్యార్థులు మూడేండ్ల చదువును ముందుగా ముగించుకొనవచ్చును. చదువు భారము తగ్గదు. కాలము మాత్రమే తగ్గును. పట్టముపై ఆ సంగతి వ్రాయుదురు గాని విలువయందు భేదములేదు.

మంచిదే. మిగిలిన ఆరునెలలు ఏమి కావలెను? స్టేట్ బ్యాంకు ప్రొబేషనరీ ఆఫీసరు పరీక్షకు 21 ఏండ్లు నిండియుండవలెను. చివరి సంవత్సరమున నున్నవారు సైతము దరఖాస్తు పెట్టుకొనవచ్చును. 18వ యేట కళాశాలలో చేరినవాడు ఇరువదిన్నరకే పట్టము పుచ్చుకొని ఆ వాకిట వయస్సుకై కాచుకొనియుండవలసినదే! చార్టర్డ్ అకౌంటెంటు కాగోరువానికి ఇంటర్మీడియట్ పిమ్మటనే ఫౌండేషన్ మార్గమున్నది. అందుకు పట్టముతో పనియే లేదు. ఇక నగరమునకు ఆవలికొసనున్న ఫైనాన్షియల్ డిస్ట్రిక్టు కంపెనీలు. కళాశాలకు వచ్చి ఉద్యోగులను ఏరుకొనువారు సాధారణముగా చివరి యేటనే వత్తురు. ఆ అదను తప్పినవాడు కాప్రానుండి బయలుదేరి ఒక్కొక్క గుమ్మమే తట్టవలెను.

కౌలుడబ్బుతోనో అప్పుతోనో చదివించు తండ్రికి ఆరునెలల వ్యయము అల్పముకాదు. ఆ మాటను మేము త్రోసివేయజాలము. నియామకపత్రము చేతనుండి, ఇంట వడ్డీ పెరుగుచున్నచో తొందరపడుటయే వివేకము. పత్రము లేనిచో కళాశాలలో మిగిల్చిన రుసుమును ఇ.సి.ఐ.ఎల్. చౌరస్తాలోని శిక్షణాలయమునకు చెల్లించుటయే యగును.

కళాశాల విడుచుట మనకు క్రొత్తకాదు. 1920లో మహాత్ముని సహాయనిరాకరణ పిలుపునందుకొని విద్యార్థులనేకులు పట్టములపై ఆశ వదలుకొనిరి. అది జీతమునకై చేసిన తొందర కాదు. ధనవ్యవహారములందైనను మన పెద్దలు తొందరపడిరా? డాక్టరు భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు వైద్యవిద్యను సాంతముగా ముగించి, మచిలీపట్టణమున వైద్యము చేసి, నలుబదియేండ్లు దాటిన పిమ్మట 1923లో లక్షరూపాయల చెల్లింపు మూలధనముతో ఆంధ్రాబ్యాంకును నెలకొల్పిరి. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో లీనమగువరకు అది తన పేరుతోనే నిలిచినది.

మాకు మిక్కిలి చింత గొలుపునది వేరొకటి. ఈ కోరికను మొదటి లేక రెండవ సెమిస్టరు ముగియునప్పుడే తెలుపుకొనవలెను. ఆడిటింగు పుస్తకము తెరచి చూడని పదునెనిమిది, పందొమ్మిదేండ్ల పిల్లవాడు ఏ వృత్తికై పరుగెత్తుచున్నాడో తానే యెరుగడు. అట్టి దరఖాస్తు పుచ్చుకొనుటకు ముందు కళాశాలవారు తల్లిదండ్రులను పిలిపించి, పై లెక్కలన్నియు వారి యెదుట పెట్టవలెనని కోరుచున్నాము.