విరమణానంతర కర్తవ్యము

విశాఖపట్టణమున సీతమ్మధార రైతుబజారునకు ఉదయమున సంచి పట్టుకొని పోయినవారికి ఎదురగువారిలో పలువురు పింఛనుదారులు. ఇందు వింత లేదు. 1926లో స్థాపితమైన ఆంధ్ర విశ్వవిద్యాలయము, 1933లో తెఱవబడిన రేవు, 1941లో పునాది పడిన నౌకానిర్మాణశాల, 1992లో జాతి కంకితమైన ఉక్కు కర్మాగారము, ఇవన్నియు తరతరముల పనివారిని పోషించి, ఏటేట కొందఱను పూలమాలతో, శాలువతో ఇంటికి సాగనంపుచున్నవి. మాల వాడిన మఱునాటి యుదయమున ఆ మనుష్యుడు ఏమి చేయవలెనో ఏ సంస్థయు చెప్పదు.

వార్ధక్యమునకు సర్కారువారు గీచిన గీత ఎంత చంచలమైనదో గమనింపుడు. 1983లో నాటి ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ఉద్యోగుల వయఃపరిమితిని 58 నుండి 55కు దించి వేలకొలది జనులను ఒక్క దినమున ఇండ్లకు పంపెను. మఱుసటి యేడే 58కి మఱల్చిరి. 2014లో 60 అయ్యెను, 2022లో 62. జర్మనీ దేశమున 1889 నాటి పింఛను చట్టము 70వ యేటిని నిర్ణయింపగా, 1916లో దానిని 65కు తగ్గించిరి. మనుష్యుని కీళ్లును మేధయు ఈ ఉత్తరువులను చదువుకొని మాఱలేదు. మాఱినది ఖజానా లెక్క. ఆ లెక్కను బట్టి, తాను నేటితో పనికిమాలితినని ఒక విజ్ఞుడు నమ్ముటయే మాకు దుస్సహముగ నున్నది.

అట్లని పరిమితిని ఇంకను పెంచుడని మేము కోరుట లేదు. పట్టా పుచ్చుకొని ప్రకటనలకై యెదురుచూచు యువకులు ప్రతి వీథిలోను గలరు. పెద్దలు కుర్చీని విడువవలసినదే. విడువ నక్కఱలేనిది పని. ఈ రెంటికిని గల భేదమును మనవారు గుర్తింపలేదు.

గుర్తించిన వారొకరు విశాఖపట్టణముననే కలరు. ఆచార్య చిలుకూరి శాంతమ్మగారు 1929లో మచిలీపట్టణమున జన్మించిరి. ఆంధ్ర విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రము బోధించి, 1989లో 60వ యేట నియమానుసారముగ విరమించిరి. ఆ స్థానము మఱియొకరి కైనది. బోధన మాత్రము ఆమెతోనే యుండెను. 2022లో, 93వ యేట, మోకాళ్ల శస్త్రచికిత్స లయినపిదప, చేతికఱ్ఱల యూతతో, విశాఖ నుండి విజయనగరము చెంతనున్న సెంచూరియను విశ్వవిద్యాలయమునకు పోయి పాఠములు చెప్పుచుండిరని పత్రికలు వ్రాసినవి. స్వంత గృహమును వైద్యసేవకై ఒక ధర్మసంస్థ కిచ్చివేసి తాము అద్దె యింట నుండిరి. ఇంత కఠోరముగ నుండుమని మేము ఎల్లరను నిర్బంధింపము. అందఱి మోకాళ్లు ఒక్క తీరుగ నుండవు. కాని భౌతికశాస్త్రము ఎఱిగినవారు 60వ యేటి మఱునాడు దానిని మఱచిపోరనుటకు ఇంతకు మించిన ప్రమాణ మక్కఱలేదు.

ఉత్తరాంధ్రమున నింకొక యుదాహరణము. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో అధ్యాపకత్వమును 1911లో విరమించునప్పటికి ఏబది యేండ్లయినను నిండలేదు. 1940లో మరణించువఱకు గల యిరువది తొమ్మిదేండ్లలోనే ఆయన ప్రసిద్ధకార్యములలో అధికభాగము జరిగినది. వ్యావహారికభాషకై వాదములు, ‘తెలుగు’ పత్రిక, 1931లో సవర భాషకు వ్యాకరణము, 1938లో నిఘంటువు, ఇవన్నియు పింఛనుదారుని పనులే. (ఆయన ఖండించిన భాషలోనే ఆయనను శ్లాఘించుచున్నామని పాఠకులు నవ్వినచో మాకు కోపము లేదు.) పర్లాకిమిడిలో పంతులుగారు పడకకుర్చీని నమ్ముకొని యుండినచో సవరల పలుకునకు ఆ గ్రంథములు దక్కియుండవు.

ఇచట నొక హెచ్చరిక యవసరము. విరమణము అందఱికిని ఒక్కటి కాదు. పింఛను దయాభిక్ష కాదు, హక్కు అని సుప్రీముకోర్టువారు 1982 డిసెంబరు 17న నకారా కేసులో తీర్పు చెప్పిరి. కాని ఆ హక్కు ఎందఱికి దక్కినది? కర్మాగారపు కార్మికులకై యేర్పడిన పథకమున కనిష్ఠ పింఛనును 2014లో నెలకు 1,000 రూపాయలుగ నిర్ణయించిరి. ఆ మొత్తముతో బ్రదుకలేక రాత్రులందు అపార్టుమెంటుల గుమ్మముకడ కావలి యుండు వృద్ధునికి, వార్ధక్యమున లక్ష్యముతో జీవింపుమని యుపన్యసించుట క్రౌర్యము. ఇండ్లలో అంట్లు తోము ముసలమ్మకు కావలసినది పని కాదు, విశ్రాంతి. మా మాటలు నిండు పింఛను గలవారికి. కౌలు సొమ్ము యింటికి వచ్చు భూస్వాములకు.

అట్టివారు చేయదగిన పని మన కెదురుగనే యున్నది. 2020 మే 7న వేంకటాపురమున ఎల్‌జీ పాలిమర్సు కర్మాగారము నుండి విషవాయువు వెలువడి పండ్రెండుగురు మృతినొందిరి. అదే సంవత్సరము ఆగస్టు 1న నౌకానిర్మాణశాలలో క్రేను కూలి పదునొకండుగురు చనిపోయిరి. అనుభవజ్ఞులు ఇండ్లలో నుండుటచేతనే ఇవి సంభవించెనని మేమనము. అయినను బాయిలరు చప్పుడును బట్టి దాని జబ్బు చెప్పగలవారు, క్రేను ఇనుపత్రాటిని తడవి అది మార్చవలసినదో కాదో తెలియగలవారు ఈ పట్టణమున ఖాళీగ నున్నారు. 2025లో ఉక్కు కర్మాగారమున స్వచ్ఛంద విరమణ పథకము పెట్టగా మఱికొందఱు వారిలో చేరిరి. కాగితములపై నెక్కని యీ విద్య వారితోనే యింటికి పోయినది. ఐటీఐ విద్యార్థికి వారానికి రెండు సాయంకాలములు ఆ విద్య చెప్పుటకు ఏ చట్టము అడ్డము? కర్మాగారముల చుట్టునున్న గ్రామములవారికి ఏ వాయువు ఏ వైపునకు వ్యాపించునో, ఎటు పరుగెత్తవలెనో నేర్పుట కేమి యాటంకము?

ఆటంకము లోపల గలదు. అధికారము చేసినవారికి, కుర్చీ లేక చెప్పు మాట నెవరు విందురను శంక యుండును. కొందఱు కాలనీ సంఘమున అధ్యక్షత సంపాదించి పాత కచ్చేరీని అచట స్థాపింతురు. వానప్రస్థుడు పెత్తనమును కుమారున కప్పగించి తపస్సునకు పోయెడివాడు; నేటి వానప్రస్థము అమెరికాలో మనుమల సంరక్షణము. అది మంచి పనియే గాని ఆరు మాసములకు వీసా తీరిన పిదప మఱల సీతమ్మధార బాల్కనీయే గతి. భూస్వాములలోనైతే ఎనుబదియేండ్లు వచ్చినను ధాన్యపు కొట్టు తాళము మొలనుండి దిగదు. నలువది యేండ్ల కొడుకు విత్తనముల ధరకు తండ్రి నడుగవలెను.

విశాఖ మహానగర పాలక సంస్థవారిని మేము కోరునది స్వల్పము. వార్డు సచివాలయములలో ఒక దస్త్రము తెఱచి, విరమించినవారి పేరు, నేర్చిన పని, ఇయ్యగల గంటలు వ్రాయించుడు. పురపాలక పాఠశాలలు, ఐటీఐలు, ఆసుపత్రులు తమకు కావలసిన వారిని అందుండి పిలుచుకొనవలెను. రాకపోకల ఖర్చు తప్ప జీతము వలదు. ఖాళీయైన ఉద్యోగమును వీరిచే నింపి యువకుని అన్నము తీయరాదు. ఈ యొక్క నిబంధన సడలినచో పథకము చెడును గనుక, దానిని దస్త్రపు మొదటి పుటలోనే వ్రాయింపవలెను.